పద్మనాభయ్య బిళ్ళ

జువ్వలదిన్నె పోయే రోడ్డులో ఉప్పు కంపెనీ గేటు దగ్గరికి రాగానే ఆటోవాళ్లు పాటల సౌండు పెంచుతారు. పాటల మీద ప్రేమతో కాదు. ఆ గేటు లోపలినుంచి ఏం వినబడుతుందోనని.

కంపెనీ మూతబడి ముప్పై ఏళ్లు దాటింది. ఉప్పు మళ్లు రొయ్యల గుంటలైపోయాయి. ఆఫీసు గోడలు ఇటుక తర్వాత ఇటుకగా ఊళ్లోకి నడిచిపోయాయి. సర్కారు తుమ్మ పట్టాల్ని మింగేసింది. మిగిలింది కాలవ ఒడ్డున ఒక షెడ్డు, అందులో ఒక ఇంజను. పాతినుప సామాన్లవాళ్లు మేకుల్ని కూడా వదలని మనుషులు... వాళ్లు కూడా దాన్ని ముట్టుకోలేదు.

ఇంగ్లండు నుంచి ఓడలో దిగిన డీజిలు ఇంజను అది. పెద్ద రైళ్లు లాగేది కాదు. శంటింగ్ ఇంజను — యార్డులో పెట్టెల్ని ముందుకీ వెనక్కీ తోసి జతచేయడమే దాని పని. పొడుగాటి మూతి, వెనక డ్రైవరు గది, పక్కకి మూడేసి చక్రాలు, ఆ మూడింటినీ కలుపుతూ మోచెయ్యిలా ఆడే ఇనుప దండె. మూతి మీద పసుపూ నలుపూ చారలు. మనిషి పొట్టి, మొండితనం గట్టి అన్నట్టు ఉంటుందని ఊరివాళ్లు దానికి 'పొట్టి దొర' అని పేరు పెట్టారు. వచ్చిన రోజునుంచి అది ఆ యార్డు దాటి ఒక్క మైలు పోయిన పాపాన పోలేదు.

దాని కింద పద్మనాభయ్య ఉన్నాడని చెప్పుకుంటారు.

పద్మనాభయ్య ఫిట్టరు. ఆ రోజుల్లో కంపెనీలో ప్రతి మనిషికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఉండేది. ఇంజను కింద ఇటుకలతో కట్టిన గుంత — రిపేరు చేయాలంటే ఫిట్టరు అందులోకి దిగాలి. దిగే ముందు తన బిళ్ళ ఇంజను పక్కన కొక్కేనికి తగిలించాలి. బిళ్ళ వేలాడుతున్నంతసేపూ డ్రైవరు దేన్నీ ముట్టుకోకూడదు. పైకొచ్చాక ఎవరి బిళ్ళ వాళ్లే తీసుకోవాలి. మేస్త్రీ కాదు, మేనేజరు కాదు, ఇంకొకరి బిళ్ళ మీద ఎవరూ చెయ్యి వేయకూడదు.

ఇంజను చప్పుడులో కేకలు వినబడవు. అందుకని లోపలి మనిషి స్పానర్‌తో పట్టా మీద కొట్టి చెప్పేవాడు. ఒక దెబ్బ కొడితే — కిందున్నా, కదపొద్దు. మూడు కొడితే — బయటికొచ్చేసినా, ఇక బండి తీయి.

ఒక సాయంత్రం డ్యూటీ దిగే వేళకి డ్రైవరే పద్మనాభయ్య బిళ్ళ తీసి పక్కనపెట్టి బండి కదిపాడు. పద్మనాభయ్య అప్పటికి మెట్ల మీద ఉన్నాడు. చేతులు రెండూ పట్టా మీద ఆనించి, పైకి లేవబోతూ...

"మూడు దెబ్బలు విన్నా," అని డ్రైవరు అందరి కాళ్లూ పట్టుకుని చెప్పాడంట. షిఫ్టులో ఉన్న పదకొండుమందీ ఒక్క దెబ్బ కూడా వినలేదన్నారు.

అప్పటినుంచీ చీకటి పడ్డాక ఆ షెడ్డులో ఇనుము మోగుతుంది. ఒక దెబ్బ వినబడితే ఉన్నచోటే ఆగిపో అంటారు. మూడు వినబడితే వెనక్కి చూడకుండా పరిగెత్తు — ఆయన బయటికొచ్చేశాడని అర్థం. ఒక దెబ్బ విన్నవాళ్లు ఊళ్లో పదిమంది దాకా ఉన్నారు. మూడు విన్నవాళ్లు ఎవరూ లేరు.

మొన్న జూన్ నెల దాకా.

* * *

మాల్యాద్రి కూతురు ఆనందకుమారికి ఇరవై నాలుగేళ్లు. వాళ్ల నాయనకి వల లాగే చక్రంలో కుడిచెయ్యి పడి పట్టు పోయింది. అప్పటినుంచీ బోటు ఇంజను కుమారిదే. ఎవరూ నేర్పలేదు. విప్పింది, పాడుచేసింది, ఫోన్లో చూసి మళ్లీ బిగించింది. స్క్రూడ్రైవరు కొన ఇంజనుకి ఆనించి, పిడి చెవి వెనక ఎముకకి అదుముకుని, కళ్లు మూసుకుని లోపల ఏం అరుగుతోందో చెప్పేది. మగవాళ్లు మొదట నవ్వారు. తర్వాత వాళ్ల బోట్లు కూడా చూపించుకున్నారు.

వేట నిషేధం రెండు నెలలూ అయిపోవచ్చింది. మర్నాడు అర్ధరాత్రికి బోట్లన్నీ కదలాలి. సరిగ్గా అప్పుడే బోటులో డీజిలు కొట్టే పంపు చచ్చిపోయింది. అది కాకినాడలో పాతబోటు విరిచినప్పుడు కొనుక్కొచ్చిన ఇంగ్లీషు ఇంజను. దాని సామాను నెల్లూరులో లేదు, చెన్నైలో లేదు.

"ఏందిమే కుమారీ, తెడ్లు చేయించమంటావా మీ బోటుకి?" అన్నాడు సుబ్బు. వాళ్ల బోటులో పెద్ద కళాసీ.

"ఎందుకు సుబ్బన్నా, తెరచాప కట్టి నిన్ను ఎనకమాల కూర్చోబెడతా. మాట్లాడతా ఉండు, అదే పోతాది."

అందరూ నవ్వారు. సుబ్బు నవ్వలేదు. వంగి, మాల్యాద్రికి వినబడకుండా చెప్పాడు.

"రేపు రాత్రికి ఇంజను పలక్కపోతే మేం నలుగురం హజరత్తయ్య బోటు ఎక్కతాం. తప్పు పట్టుకోబాక. పిల్లలున్నోళ్లం."

ఒకసారి వేరే బోటు ఎక్కిన కళాసీలు ఆ ఏడు తిరిగి రారు. మనుషుల్లేని బోటు, చెయ్యి లేని నాయన. కుమారి పంపుని చూస్తూ కూర్చుంది.

ఆమెకి ఒక సంగతి తెలుసు, ఎవరికీ చెప్పలేదు. పొట్టి దొర మూతి మీద ఇత్తడి పలక ఉంది. ఎప్పుడో పట్టపగలు దూరం నుంచి ఫోటో తీసి, దాని మీది అక్షరాలు పట్టుకుని రాత్రుళ్లు ఫోన్లో వెతికింది. ఆ రకం శంటింగ్ ఇంజన్లు ఒకే అచ్చులో పోసినట్టు అక్కడ వందలు తయారైనాయంట. రేవుల్లో, గూడ్సు యార్డుల్లో తిరిగేవంట. వాటిలో పెట్టిన డీజిలు ఇంజను, చేపల బోట్లలో పెట్టిన డీజిలు ఇంజను — రెండూ ఒకే కంపెనీవి.

పంపు కూడా ఒకటే.

ఆ రోజు పున్నమి. పొద్దుగూకగానే సంచిలో స్పానర్లు వేసుకుని కుమారి తుమ్మల్లోకి నడిచింది. పగలైతే రొయ్యల గుంటల కాపలావాళ్లు చూస్తారు. ఆమె పోతున్నది దొంగతనానికి.

* * *

షెడ్డులో సగం రేకులు లేవు. వెన్నెల ముక్కలు ముక్కలుగా పడి ఉంది. గోడల మీద జానెడు ఎత్తున తెల్లటి ఉప్పు గీత — పున్నమి పోట్లకి కాలవ నీళ్లు అంతదాకా ఎక్కుతాయి.

ఇంజను అనుకున్నదానికంటే పెద్దగా ఉంది. పక్క తలుపులకి తాళాలు వేసి ఉన్నాయి. పంపు అందాలంటే ఒకటే దారి... కింద నుంచి.

కొక్కెం కనబడింది. కొక్కేనికి బిళ్ళ ఉంది. నంబరు పదిహేడు.

కుదుపులకి పడకుండా కొక్కెం కొన లోపలికి మెలితిప్పి ఉంది. పైకెత్తి తిప్పితే తప్ప బిళ్ళ రాదు. కుమారి దాన్ని ముట్టుకోలేదు. "నీ జోలికి రాను పెద్దాయనా," అంది మెల్లగా. "పంపు ఒక్కటే. రేపు సముద్రానికి పోవాల."

చక్రాల్ని కలిపే దండె మీద వేలు పెట్టింది. వేలికి గ్రీజు అంటింది. తాజా గ్రీజు.

ముప్పై ఏళ్ల ఉప్పుగాలిలో తాజా గ్రీజు ఏమిటని ఆగి ఆలోచించాల్సింది. ఆలోచించలేదు. పంపు మీదే ఉంది మనసు.

ఇంకో తప్పు కూడా చేసింది. అది సముద్రపు మనుషులే చేయగల తప్పు. ముందు చక్రం ఆకుల్లోంచి దూర్చి, పట్టాకి చుట్టి ఒక గొలుసు కట్టి ఉంది. పంపు బరువైంది, దించడానికి గొలుసు పనికొస్తుంది. ఒడ్డున ఇసుకలో కూర్చున్న పడవకి కట్టిన తాడు ఎవరైనా విప్పి వాడుకుంటారు — పడవ ఎక్కడికి పోతుంది? నేల మీదున్నది కదలదు. పుట్టిన దగ్గర్నుంచీ ఆమెకి తెలిసింది అంతే. చక్రం ఆకుల్లోంచి గొలుసు లాగేసింది. పట్టాకి ఉన్న ముడి మాత్రం రాలేదు. సరే, దీన్ని తర్వాత చూద్దామని అక్కడే పడేసి మెట్లు దిగింది.

నిలువెత్తు గుంత. పట్టాలకి కాలవ వైపు కనీకనబడని వాలు, ఆ కొసన మెట్లు. అడుగున పాదాలు తడిసేటంత నీళ్లు. ఫోను టార్చి వెలిగించి మెట్టు మీద పెట్టి, ఇంజను పొట్ట కింద నిలబడి తల ఎత్తింది. పంపు... అదే. అచ్చం అదే. ఆమెకి నవ్వొచ్చింది.

మొదటి నట్టు కదలలేదు. స్పానర్ వేసి ఒళ్లంతా బిగబట్టి లాగింది. నట్టు కాదు —

వెన్నెల కదిలింది.

మెట్ల దగ్గర చతురస్రంగా పడిన వెలుతురు సన్నబడుతూ వచ్చింది. చప్పుడు లేదు. అంత బరువు, చప్పుడు లేకుండా... నూనె పట్టించిన తలుపు మూసుకున్నట్టు. ఒక బారెడు... ఒక మూర... ఒక జానెడు...

ఆమె మెట్ల వైపు దూకేసరికి తల ఇనుముకి కొట్టుకుంది. ఎక్కడో ముందు చక్రం గొలుసు మీదికెక్కి కిర్రుమంది. ఇంజను ఆగింది.

మెట్లు లేవు. మెట్ల పైన ఇనుము ఉంది. కాలు తగిలి పడిన ఫోను నీళ్లలో ఒక్క క్షణం ఆకుపచ్చగా వెలిగి ఆరిపోయింది.

* * *

మొదట అరిచింది. తర్వాత పై కొస దాకా తడుముకుంటూ పోయి వచ్చింది. రెండు వైపులా ఇంజనే కప్పేసి ఉంది. చక్రాల మధ్య, పట్టా మీదుగా ఒక సందు — జానెడు. చెయ్యి పోతుంది. తల పోదు.

జానెడు.

గోడ మీది ఉప్పు గీత గుర్తొచ్చింది. అదీ జానెడే.

అప్పుడు వినిపించింది, కాలవ వైపు తూములోంచి నీళ్లు లోపలికొస్తున్న చప్పుడు. పోటు మొదలైంది. పోటు సంగతి ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంకో గంటన్నరలో గుంత నిండుతుంది. ఇంకాసేపటికి ఆ సందు కూడా నిండుతుంది.

నీళ్లు మోకాళ్లకొచ్చాయి. నడుముకొచ్చాయి. స్పానర్‌తో ఇనుముని నెట్టింది, తిట్టింది, ఏడ్చింది. తను ఎక్కడికి పోతోందో ఇంట్లో చెప్పలేదు. చెప్పి ఉంటే మాత్రం ఈ షెడ్డులోకి వచ్చేదెవరు? రేపు రాత్రి బోట్లు కదిలేటప్పుడు సుబ్బు అందరికీ చెబుతాడు — కుమారి మొహం చెల్లక యాడికో పారిపోయిందని. నాయన ఆ మాట నమ్మినా నమ్ముతాడు.

అప్పుడే...

టంగ్.

ఒక్కటే దెబ్బ. ఇనుము మీద. ఇంజను అవతలి కొసన.

నీళ్లు పొట్ట మీద చిన్నగా అలలు కొడుతున్నాయి.

టంగ్... ఈసారి కొంచెం దగ్గరగా. మధ్యలో ఏదో ఈడ్చుకుంటున్నట్టు అడుగుల చప్పుడు. ఒక చక్రం దగ్గర ఆగడం, ఒక దెబ్బ, మళ్లీ అడుగులు. పసుపు వెలుతురు ఒకటి సందులోంచి ఊగుతూ వచ్చింది. పైన ఎవరో ముక్కుతో ఏదో పాట తీస్తున్నారు.

పాట ఆగింది.

"గొలుసేది..." గుసగుస. ముసలి గొంతు. "గొలుసు ఎవరు తీసినారు...?"

దెయ్యమైనా సరే అనుకుంది కుమారి. సందు దగ్గర మొహం పెట్టి గొంతు చించుకుని అరిచింది. "నేను! ఇక్కడ! కిందున్నా! నీళ్లొస్తా ఉండాయి!"

రబ్బరు బూట్లు రెండు సందు ముందు నిలబడి ఉన్నాయి. అటు తిరిగాయి, ఇటు తిరిగాయి. ఆమె అరుస్తూనే ఉంది. బూట్లు కదిలి పోబోయాయి.

చేతిలో స్పానర్ ఉందని అప్పుడు గుర్తొచ్చింది. పట్టా మీద ఒక్కటి కొట్టింది.

బూట్లు ఆగాయి.

తర్వాత ఎవరో బరువుగా కూలబడిన చప్పుడు.

"పద్మనాభం...?"

కుమారి సందు దగ్గర్నుంచి మొహం వెనక్కి లాక్కుంది.

"పద్మనాభం, నేను మెన్. హెన్రీని."

హెన్రీ. ఊళ్లో చెప్పుకునే కథలో ఆ పేరు ఉంది. బిట్రగుంట రైల్వే క్వార్టర్స్ వెనకాల ఒంటరిగా ఉండే, మాటకోసారి 'మెన్' అనే ముసలి ఆంగ్లో-ఇండియన్ డ్రైవరు. ఆ రోజు బండి కదిపినవాడు.

"నాకు మాటలు వినబడవు పద్మనాభం. ఈ ఇంజనే తినేసింది చెవుల్ని. స్క్రూడ్రైవరు ఎముకకి ఆనించుకోని ఉండా, ఇనుం మాట ఒక్కటే తెలుస్తాది. ఇనుంతో చెప్పు."

దెయ్యం కాదు. మనిషి. ఆమె గబగబా చెయ్యి సందులోంచి బయటికి చాపి వేళ్లు ఆడించింది. చూడు, బతికున్న చెయ్యి, చూడు...

వెలుతురు ఆమె చేతి మీద పడింది.

"చెయ్యి లోపల పెట్టుకో," అన్నాడు హెన్రీ. ఏడుస్తున్నాడు. "పట్టా మీద చేతులు పెట్టబట్టే గదా ఆ రోజు... లోపల పెట్టుకో మెన్, నేను చూడలేను."

ఆమె చెయ్యి లాక్కుంది. నీళ్లు గుండెలకొచ్చాయి.

"పతి వారం వస్తా. నూనె పోస్తా. చక్రాలు తట్టి చూస్తా. నీ బిళ్ళ నేనే మళ్లీ తగిలించినా, అప్పటినుంచీ ముట్టుకోలా. నువ్వొచ్చి తీసుకునేదాకా బండి కదలకూడదని గొలుసేసినా. ఇది యార్డు దాటలా... నేనూ దాటలా. ముప్పై ఏళ్లు అడగతానే ఉండా, నువ్వెప్పుడూ పలకలా. ఇయ్యాల పలికినావు." ముక్కు చీదుకున్నాడు. "ఒక్క మాట చెప్పు. ఆ రోజు మూడు కొట్టినావా? కొట్టలేదా?"

కుమారి అరిచింది. ఉప్పునీళ్లు నోట్లోకి పోయాయి.

"కొట్టలేదంటే ఒకటి కొట్టు. నువ్వింకా కిందనే ఉండావని తెలుసుకుంటా. తెల్లారేదాకా ఈడనే కూర్చుంటా, బండి మీద చెయ్యెయ్యను. కొట్టినావంటే... మూడు కొట్టు మళ్లా. నువ్వు బయటికొచ్చేసినట్టే. చక్రం కింద ఇరుక్కున్న ఈ గొలుసు లాగేసి బండి నీ మీదినుంచి తీసేస్తా."

ఆమెకి అర్థమైంది. ఒకటి కొడితే నిజం — కింద మనిషి ఉంది, నిజమే. కానీ ఆ నిజానికి ఆయన తెల్లారేదాకా పక్కనే కాపలా కూర్చుంటాడు, ఆమె పక్కనే మునిగిపోతుంది. మూడు కొడితే బతుకు. కానీ చచ్చిపోయిన మనిషి చెప్పాల్సిన సాక్ష్యం తను చెప్పినట్టవుతుంది. ఆ ముసలాయన దాన్ని పట్టుకుని మిగతా రోజులు బతుకుతాడు. అది అబద్ధమో నిజమో ఆమెకి తెలియదు.

నీళ్లు గడ్డానికి తగిలాయి.

తప్పైతే క్షమించు పద్మనాభయ్యా, అనుకుంది. నీ పేరుతో కొడుతున్నా.

స్పానర్ ఎత్తింది. వేళ్లు చల్లబడి కొయ్యబారిపోయాయి. కొట్టింది.

ఒకటి.

పైన టార్చి కదల్లేదు.

రెండు.

మూడోదానికి చెయ్యి ఎత్తింది... గ్రీజు, నీళ్లు, వణుకు... స్పానర్ జారింది. బుడుంగుమని మునిగింది. ఆమె ఒట్టి చెయ్యి గాలిలో ఉండిపోయింది. పిడికిలితో పట్టాని గుద్దింది. ఇనుము పలకలేదు.

రెండు దెబ్బలకి అర్థం లేదు. రెండు ఏమీ కాదు.

టంగ్.

ఆమె వెనకనుంచి.

గుంత పై కొస నుంచి. అక్కడ ఇందాకే తడిమి వచ్చింది. ఇటుకలూ నీళ్లూ తప్ప ఏమీ లేవు. ఆమె చెంప ఆనుకున్న పట్టా ఆ దెబ్బకి సన్నగా వణికి, పళ్లలోకి పాకింది.

వెనక్కి తిరగలేదు. తిరగలేకపోయింది.

"మూడు..." అన్నాడు హెన్రీ. "మూడు. కొట్టినావు. కొట్టినావు మెన్!"

గడ్డపార ఇనుముకి తగిలిన చప్పుడు. గొలుసు గలగల. ముసలి గొంతు మూలుగు, ఒకసారి, రెండోసారి... తర్వాత చీకటి మళ్లీ చప్పుడు లేకుండా కదిలింది. ఆమె కళ్లు మూసుకుని నీళ్లలో మునిగింది. తల మీదుగా పొట్టి దొర పొట్ట పోతూనే ఉంది, పోతూనే ఉంది...

కళ్లు తెరిచేసరికి నీళ్ల మీద వెన్నెల ఉంది.

* * *

షెడ్డు చివర అడ్డం వేసిన మొద్దులకి గుద్దుకుని ఇంజను ఆగిపోయింది. కుమారి తేలుకుంటూ పట్టా పట్టుకుని పైకి పాకింది. ఎదురుగా హెన్రీ. ఎముకలకి చొక్కా తొడిగినట్టున్నాడు. టార్చి ఆమె మొహం మీద వేసి ఆయనా రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఎవరు నువ్వు?"

ఆమె పెదాల మీదికి టార్చి తిప్పుకుని, వేలితో చూపించి, మెల్లగా చెప్పింది. "జువ్వలదిన్నె. మాల్యాద్రి కూతుర్ని. పంపు కోసం వచ్చినా తాతా. దొంగతనానికి."

ఆయన పెదాలు చదివాడు. మొహంలో ఇందాకటి వెలుగు ఒక్కొక్కటే ఆరిపోవడం ఆమె చూసింది.

"ఆ చెయ్యి... నీదా?"

తల ఊపింది.

"అయితే కొట్టింది నువ్వేనా?"

అవునంటే అయిపోతుంది. మూడూ నేనే అంటే లోకంలో దెయ్యాలు లేవు, ఇంటికి పోయి పడుకోవచ్చు. ఆమెకి ఆ మాటే అనాలనిపించింది. తనకోసమే అనాలనిపించింది.

రెండు వేళ్లు చూపించింది.

"రెండే తాతా. స్పానర్ జారిపోయింది. మూడోది నేను కాదు."

ఆయనకి అర్థం కాలేదు. ఆమె మళ్లీ చెప్పింది. మూడోసారి చెప్పేటప్పటికి టార్చి పట్టుకున్న చెయ్యి దానంతటదే పైకి లేచింది. వెలుతురు ఇంజను పక్క మీదుగా పాకి, కొక్కెం దగ్గర ఆగింది.

కొక్కెం ఖాళీగా ఉంది.

"నువ్వు తీసినావా?" గుసగుసగా అడిగాడు.

"దేవుడి తోడు, ముట్టుకోలా."

"నేనూ తీయలా."

ఇద్దరూ వెతికారు. ఇంజను కింద, పట్టాల పక్కన, అప్పుడే నేల మీదికెక్కుతున్న పోటునీళ్లలో చేతులు పెట్టి వెతికారు. కొక్కెం మెలి అట్లాగే ఉంది. పైకెత్తి తిప్పితే తప్ప రాని బిళ్ళ.

హెన్రీ నిలబడ్డాడు. టార్చి ఆపేశాడు. చీకట్లో ఆయన గొంతు కుర్రవాడి గొంతులా వినిపించింది.

"డ్యూటీ దిగినాడు," అన్నాడు.

గేటు దగ్గర ఆయన మొలతాడు నుంచి తాళంచెవుల గుత్తి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"పక్క తలుపులవి. పగలొచ్చి పైనుంచి తీసుకో పంపు. అడిగుంటే ఇచ్చేవాణ్ణి గదా పాపా... ఎవరూ అడగలా."

* * *

మర్నాడు అర్ధరాత్రి ఒడ్డంతా ఇంజన్లు దగ్గుతున్నాయి. సుబ్బు సంచి భుజాన వేసుకుని ఒక కాలు ఇటూ ఒక కాలు అటూగా నిలబడ్డాడు.

కుమారి కొత్త పంపు బిగించింది. చివరి నట్టు కోసం ఇంజను కిందికి దూరే ముందు డబ్బా మూత ఒకటి తీసుకుని, మేకుతో దాని మీద తన పేరు గీకి, ఇంజను తిప్పే హ్యాండిలుకి తగిలించింది.

"ఇదేంది, కొత్త దిష్టిబొమ్మా?" అన్నాడు సుబ్బు.

"ముట్టుకోబాకండి. ఎవరూ. నేను బయటికొచ్చినాక నేనే తీసుకుంటా."

ఆ గొంతు విని సుబ్బు మళ్లీ నవ్వలేదు. మాల్యాద్రి తన ఎడమచేత్తో హ్యాండిలు పక్కనే కాపలా కూర్చున్నాడు.

నట్టు బిగిసింది. కుమారి బయటికి పాకి వచ్చి, మూత తీసుకుని జేబులో వేసుకుంది. స్పానర్‌తో ఇంజను మీద కొట్టింది. ఒకటి. రెండు.

ఆగింది. చెవి ఒగ్గింది. బోటు పక్కకి అల తగిలి వెనక్కి పోయింది.

మూడు.

మూడూ తనే కొట్టింది. లెక్కపెట్టుకుంది.

"తిప్పు నాయనా," అంది.